ఉమ్మెత్త ఒక్కటా, పెక్కులా?

వినాయక చవితి దగ్గఱపడినదనగా చెన్నపురిలోని తెలుగువారి యిండ్లలో పత్రి కొఱకు వెదకులాట మొదలగును. మాచిపత్రి, వాకుడు, మారేడు, గరిక, రేగు, ఉత్తరేణి - ఇట్లు ఇరువదియొక్క విధములైన ఆకులు కావలెను. వానిలో ఉమ్మెత్త యొకటి. పూజాపుస్తకములో దానికి దుత్తూరపత్రమని పేరు. పల్లెలలో నుండువారు పెరటిలోనికి పోయి కోసికొని వత్తురు. ఇచ్చట మనము మైలాపూరు మాడవీథులలోనో, మఱియొక అంగడివీథిలోనో కట్టగట్టి అమ్ము ఆకులను కొని తెచ్చి, ఏది యేదియో పిల్లలకు చూపలేక, పేరు చదివినప్పుడెల్ల చేతికందిన ఆకును వేయుచున్నాము. ఈ మాట ఎవరినో నొప్పించుటకు వ్రాసినది కాదు. మా యింటను జరుగునదే.

కొన్ని సంవత్సరముల క్రిందట చవితి మఱునాడు నా తరగతిలోని బాలుడొకడు బల్లమీద తల వాల్చి కూర్చుండెను. ఏమని యడుగగా పుస్తకములోని అక్షరములు అలికినట్లున్నవనెను. చూడగా వాని కుడికంటి పాప కన్నంతయు నిండి నల్లగా నున్నది. ఎడమకంటి పాప మామూలుగానే యున్నది. కబురు పంపగా తల్లి పరుగున వచ్చినది. మెదడులో ఏదేని జబ్బు పుట్టినదేమోయని ఆమె భయము. కంటి వైద్యుడు దీపము వేసి చూచి, మొట్టమొదట అడిగిన ప్రశ్న, "నిన్న ఏమేమి ఆకులు ముట్టుకున్నావు?" అని. పత్రి విడదీసి తుంచినవాడు ఆ పిల్లవాడే. ఉమ్మెత్త ఆకు నలిపిన వ్రేలితో కన్ను నులుముకొన్నాడు. మూడు నాలుగు దినములకు పాప యథాస్థితికి వచ్చినది.

ఆ తరువాత ఆ తల్లి నాతో అన్న మాటయే ఈ వ్యాసమునకు కారణము. "మాస్టారూ, నేను తెచ్చింది తెల్ల ఉమ్మెత్తండీ. నల్లది కాదు. నల్లదే విషమనీ, తెల్లది ఏమీ చేయదనీ మా అత్తగారు చెప్పేవారు. రెండూ వేరు వేరు మొక్కలు కదా?"

కావు, అని ఒక్క ముక్కలో చెప్పి పంపివేయవచ్చును. కాని "ఏల కావు?" అని ఆమె తిరిగి యడిగియున్నచో నేను చాలసేపు చెప్పవలసివచ్చెడిది. రంగు వేఱైనను జాతి ఒక్కటే యగుట యెట్లు? రంగు ఒక్కటే యైనను జాతులు వేఱగుట యెట్లు? పేర్లు పెట్టి గ్రంథములు వ్రాసిన పండితులే ఈ మొక్క విషయమున రెండు మూడు వందల సంవత్సరములు తడబడిరి. ఆ తల్లి తడబడినదనుటలో వింత యేమున్నది?

మొదట మొక్కను చూతము. ఉమ్మెత్త మన పట్టణమున రైలుకట్టల ప్రక్కను, పాడుపడిన దొడ్లలోను, ఇటుకలు ఇసుక కుప్పవోసిన ఖాళీస్థలములలోను తనంత తాను మొలచును. ఎవరును నాటరు, నీరు పోయరు. మేకలు సహితము దాని జోలికి పోవు. నిలువెత్తునకు మించక, కొమ్మలు రెండేసిగా చీలుచు, గుబురుగా పెరుగును. ఆకు వెడల్పుగా, మొదట రెండు ప్రక్కలును సమము గాక ఒకవైపు క్రిందికి దిగియుండును. పువ్వు జానెడు పొడవు గల గరాటు. దీనిని క్రింద పట్టియుండు ఆకుపచ్చని గొట్టము రక్షకపత్రావళి. మీది గరాటు ఆకర్షణపత్రావళి. సంధ్యవేళ విచ్చి, రాత్రి పరిమళించి, గరాటు అడుగున నున్న తేనె కొఱకు పొడవైన తొండము గల పెద్ద రెక్కలపురుగులను పిలుచును. మఱునాటి యెండకు వాడిపోవును. పిమ్మట కాయ తల వంచి వ్రేలాడును. నిమ్మకాయంత గుండ్రని ఆ కాయమీద పొట్టి ముండ్లో, మొద్దుబొడిపెలో ఉండును. కాయకు అడుగున పాత రక్షకపత్రావళి మొదలు మాత్రము మిగిలి గొడుగు అంచువలె వెనుకకు మడచుకొని యుండును. ఈ చిన్న గొడుగును జ్ఞాపకముంచుకొనవలెను, దీనితో తరువాత పని కలదు. వంగ, మిరప, టొమాటో, పొగాకు చేరిన సొలనేసి కుటుంబములోనిదే యిది.

ఆ యేడు నా విద్యార్థులను ఒక ఖాళీస్థలమునకు తీసికొనిపోయి, తాకరాదని ముందే కట్టడిచేసి, అందున్న పదునాలుగు ఉమ్మెత్త మొక్కలను చూచి మీకు తోచినట్లు జాతులుగా విభజింపుడని చెప్పితిని. పిల్లలు మూడు కక్షలైరి. ఒకరు రంగును పట్టుకొనిరి: తెల్ల పువ్వు, ఆకుపచ్చ కాడ గలది ఒక జాతి, ఊదాపువ్వు, నల్లని నిగనిగలాడు కాడ గలది వేఱొక జాతి. రెండవ కక్షవారు పొరలను లెక్కించిరి: ఒకే గరాటు గలది ఒకటి, గరాటులో గరాటు, దానిలో మఱొక గరాటు దూర్చినట్లున్నది మఱొకటి. మూడవవారు ఆకు అంచును పట్టుకొనిరి: నున్నని అంచు గలవి కొన్ని, పండ్లవలె వంపులు గలవి కొన్ని.

మూడవ కక్ష మొదట ఓడినది. ఒకే మొక్కమీద క్రింది ఆకులు వంపులతోను, పూవు ప్రక్కనున్న చిన్న ఆకులు నున్నని అంచుతోను కానవచ్చెను. మొక్క ఒక్కటే యై, జాతులు రెండగుట పొసగదు గదా. రెండవ కక్ష వారికిని అట్టిదే ఎదురైనది: ఒకే మొక్కమీద ఒక పువ్వు రెండు పొరలతోను, మఱొకటి మూడు పొరలతోను ఉండెను. రంగు కక్షవారు మాత్రము చాలసేపు నిలిచిరి. అంతలో ఒక బాలిక, "మాస్టారూ, దీని కాడ నల్లగా ఉంది, పువ్వు బయట ఊదా, లోపల తెలుపు. దీన్ని ఎటు వేయాలి?" అని యడిగెను. ఆ పువ్వు నిజముగా అట్లే యుండెను. నల్ల ఉమ్మెత్త పూలలో పెక్కింటికి లోపలివైపు తెల్లగానే యుండునన్న సంగతి, దూరమునుండి చూచి పేరు పెట్టువారికి తెలియదు. ఊదారంగు ఒక్కొక మొక్కలో కాటుకవలె గాఢముగను, మఱొకదానిలో కడిగిన సిరావలె లేతగను ఉండుటయు వారు చూచిరి. ఎక్కడ గీత గీయవలెనో తేలలేదు. గీత గీయుటకు వీలు లేనిచోట జాతి యను గోడ కట్టరాదని వృక్షశాస్త్రజ్ఞులు నేర్చినదియు ఈ విధముగానే, కాని పిల్లలకంటె చాల ఆలస్యముగా.

పాశ్చాత్యులలో మన దేశపు ఉమ్మెత్తను శ్రద్ధగా పటము గీయించి అచ్చొత్తించినవారిలో వాన్ రీడ్ ముఖ్యుడు. కొచ్చిన్ ప్రాంతమును పాలించిన డచ్చి అధికారియైన ఇతడు స్థానిక వైద్యుల సాయముతో "హోర్టుస్ మలబారికుస్" అను పండ్రెండు సంపుటముల గ్రంథమును 1678 మొదలు 1693 వఱకు వెలువరించెను. రెండవ సంపుటములో ఉమ్మెత్త కున్న పేరు "హుమ్మాటు". మలయాళపు పేరును డచ్చివాని చెవికి వినబడినట్లు వ్రాసినదది. మన తెలుగువాని ఉమ్మెత్త, తమిళుల ఊమత్తై, కన్నడిగుల ఉమ్మత్తి, ఈ హుమ్మాటు ఒక్క కుదుటివే. తెల్లదానికి ఒక పటమును, "నీలహుమ్మాటు" అని నల్లదానికి వేఱు పటమును ఇచ్చియున్నాడు. అనగా మలబారు వైద్యులు పేరు ఒక్కటే యుంచి, రంగును విశేషణముగా చేర్చిరి. మనమును తెల్ల ఉమ్మెత్త, నల్ల ఉమ్మెత్త యని అట్లే యనుచున్నాము. శాస్త్రజ్ఞులు చివరకు చేరిన గమ్యము ఇదియే యగుట చూచినప్పుడెల్ల నాకు ముచ్చట కలుగును.

స్వీడను దేశీయుడైన లినేయస్ 1753లో "స్పీషీస్ ప్లాంటారమ్" ప్రకటించి ప్రతి మొక్కకును రెండు మాటల పేరుంచెను. మొదటి మాట ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. డటూరా యను ప్రజాతినామము మన ధత్తూరమే. మన మొక్కను అతడు డటూరా మెటెల్ అనెను. మెటెల్ అనునది అరబ్బు వైద్యులు వాడిన "జౌజ్ మాథిల్" అను మాటకు శిథిలరూపము. ఒక సంస్కృతపదము, ఒక అరబ్బుపదము కలిసి లాటిను వేషము వేసికొన్నవన్నమాట. ఇంతటితో ఆగినచో చిక్కు లేకపోయెడిది. కాని 1759లో లినేయసే ఊదారంగు గలదానికి డటూరా ఫాస్టువోసా అని వేఱొక జాతినామము నిచ్చెను. ఫాస్టువోసా యనగా డాబుగలది, గర్వముగలది. ఊదాగౌను తొడిగినందుకు ఆ బిరుదు కాబోలు. 1834లో నీస్ అను జర్మను పండితుడు తెల్లదానికి డటూరా ఆల్బా అని పేరిడెను. ఆల్బా అనగా తెల్లనిది. ఇట్లు ఒక్క మొక్కకు మూడు జాతులు పుట్టినవి. 1883లో క్లార్కు "ఫ్లోరా ఆఫ్ బ్రిటిష్ ఇండియా" యను గ్రంథములో, తెల్లది ఫాస్టువోసాలో ఒక రకము మాత్రమే యని, జాతి స్థానమునుండి రకము స్థానమునకు దింపెను. 1921లో సాఫర్డ్ అను అమెరికను పండితుడు తలక్రిందులు చేసి, మెటెల్ అనునదే జాతి, ఫాస్టువోసా అందొక రకమనెను. నేడు తెలుపు, ఊదా, ఒంటిపొర, జంటపొర అన్నియు డటూరా మెటెల్ అను ఒక్క జాతియే.

జాతి, రకము అను ఈ రెండు మాటలకు గల భేదమును తలిదండ్రులు పిల్లలకు తేలికగా చెప్పవచ్చును. మల్లెలలో ఒంటిరేకు, బొండుమల్లె కలవు. వంకాయలో తెల్లది, నల్లది, గుండ్రనిది, పొడుగుది కలవు. తెల్లవంకాయను వంకాయ కాదని ఏ యిల్లాలును అనదు. అది రకము. వంకాయకును మిరపకాయకును గల భేదము జాతిభేదము. ఒక్క లక్షణములో గాక, ఆకు, పువ్వు, కాయ, విత్తనము అన్నింటిలోను ఒక్కసారి, నడుమ మెట్లు లేకుండ తేడా కనబడినచో అది వేఱు జాతి యని అనుమానింపవలెను.

ఈ పరీక్షకు నిలిచిన ఉమ్మెత్త యొకటి నిజముగా కలదు. అది తెల్లనిదే. అందుచేతనే చాలమంది దానిని గుర్తింపరు. మన దేశమున బయళ్ళలో పెరుగు ఈ మొక్క కాడలమీదను, ఆకులమీదను మెత్తని బూడిదరంగు నూగు ఉండును. మన ఉమ్మెత్తమీద అట్టి నూగు లేదు. దీని పూవంచున అయిదు కొనలకు నడుమ మఱి యైదు చిన్న పండ్లు లేచి మొత్తము పదియగును. కాయమీద మొద్దుబొడిపెలకు బదులు సన్నని పొడవైన ముండ్లు దట్టముగా నుండును. నూగు, పువ్వంచు, కాయముల్లు మూడును కలిసికట్టుగా మాఱినవి. మధ్యస్థముగా నిలుచు మొక్క కనబడదు. ఇది డటూరా ఇనాక్సియా. 1768లో ఆంగ్లేయుడైన ఫిలిప్ మిల్లర్ పెట్టిన పేరిది. లాటినులో ఈ మాటకు హానిచేయనిది అని యర్థము. విషపు మొక్కకు ఇంతకంటె తప్పు పేరు దొరకదు. తెల్లది ఏమియు చేయదన్న అత్తగారికి లాటినులో కూడ తోడు దొరకినట్లైనది! పై చిక్కునకు తోడు క్లార్కు గ్రంథములో ఈ నూగు ఉమ్మెత్తకే మెటెల్ అను పేరు తగిలించియున్నది. అందుచే ఆ గ్రంథమును పట్టుకొని చదువువారు మెటెల్ అని యున్నచోట మన ఉమ్మెత్తను ఊహించినచో మోసపోవుదురు.

ఇంక మూడవది డటూరా స్ట్రామోనియం. దీని కాయ తల వంచదు, ఆకాశమువైపు నిక్కి నిలుచును. పండినప్పుడు నాలుగు పలుకలుగా తిన్నగా చీలును. మన ఉమ్మెత్త కాయ యట్లు కాక, అడ్డదిడ్డముగా పగులును. ఈ స్ట్రామోనియము కథలోనే రంగు ప్రశ్నకు తుదితీర్పు దొరకినది. లినేయస్ దీని తెల్లపూల మొక్కను స్ట్రామోనియమనియు, ఊదాపూల మొక్కను 1762లో టాటులా యనియు రెండు జాతులుగా వ్రాసెను. మెండెలు సూత్రములు లోకమునకు మఱల తెలిసిన కొలదికాలమునకే, 1902లో, ఇంగ్లండున బేట్‌సన్ అను నాతడును సాండర్స్ అను విదుషియు ఈ రెంటిని సంకరము చేసి సంతానమును లెక్కించిరి. తొలితరములో అన్నియు ఊదావే. మలితరములో తెల్లవి తిరిగి వచ్చెను, ఇంచుమించు మూడు ఊదాలకు ఒక తెలుపు చొప్పున. ముండ్లకాయకును నున్నకాయకును గూడ ఇట్టి లెక్కయే కుదిరెను. అనగా రెండు జాతులని యెంచినవానికి నడుమ నున్న రంగుగోడ యంతయు జన్యువు ఒక్కదాని పని. ఒక్క తల్లి పిల్లలలో ఒకరు నల్లగను, ఒకరు తెల్లగను ఉన్నారని రెండు కులములుగా వ్రాసినట్లే యుండెను పాత గ్రంథముల వర్గీకరణము.

అయినను ఒక్క హెచ్చరిక చేయవలెను. చిన్న తేడాలన్నియు చిన్న కారణములవలననే కలుగునని కాదు. అమెరికాలో బ్లేక్‌స్లీ అను శాస్త్రజ్ఞుడు 1915లో తన తోటలోని స్ట్రామోనియములలో కాయ మఱింత గుండ్రముగా నున్న యొక విచిత్రపు మొక్కను చూచెను. మామూలు మొక్కలో క్రోమోసోములు పండ్రెండు జతలు, మొత్తము 24. ఈ విచిత్రపు మొక్కలో ఒక క్రోమోసోము అదనముగా చేరి 25 అయినవి. పండ్రెండింటిలో ఏది అదనమైనను ఒక్కొక్క విధమైన కాయ వచ్చును. క్రమముగా పండ్రెండు విధములును దొరకినవి. కాయల వరుసను చూచియే ఏ క్రోమోసోము హెచ్చినదో చెప్పగలిగిరి. అయినను వానిని కొత్త జాతులని యెవరును అనలేదు. 1922లో ఆయన బృందమే, సగము క్రోమోసోములు, అనగా పండ్రెండు మాత్రమే గల స్ట్రామోనియము మొక్కను చూపెను. పూచు మొక్కలలో అట్టిది కనబడుట అదియే మొదలు.

మన దేశమువారికి ఇందు గొప్ప పాలు కలదు. ఢిల్లీ విశ్వవిద్యాలయములో శిప్రా గుహ, సతీశ్ చంద్ర మహేశ్వరి అనువారు 1964లో ఉమ్మెత్త పుప్పొడితిత్తులను గాజుపాత్రలలో పోషకద్రవముమీద పెంచగా అందుండి పిండములు మొలచినవి. ఆ పిండములు పుప్పొడి రేణువులనుండియే పుట్టినవని 1966లో రూఢియైనది. సగము క్రోమోసోముల మొక్కలను కావలసినన్ని పెంచు మార్గము అప్పుడు తెఱచుకొని, వరి, గోధుమ, పొగాకు మొదలగు పంటల మేలురకములను త్వరగా తయారుచేయుటకు ప్రపంచమంతట వాడుకకు వచ్చినది. వారు వాడినది నూగు ఉమ్మెత్త, డటూరా ఇనాక్సియా. పాత గ్రంథముననుసరించి దానిని మెటెల్ అని వ్రాసియున్నచో, ఆ ప్రయోగమును మఱల చేయబూనినవారు వేఱు మొక్కను తెచ్చుకొని ఫలితము రాలేదని తల పట్టుకొనెడివారు. పేరు సరిగా వ్రాయుట కేవలము ఛాందసము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు.

మన చెన్నపట్టణమునకును ఇట్టి కథ యొకటి కలదు. సైదాపేటలో నాగజెముడు తోట వేసి ఎఱ్ఱరంగునిచ్చు పురుగులను పెంచదలచిన జేమ్స్ ఆండర్సను ఇచ్చట కుంపిణీవారి ప్రధాన వైద్యాధికారి. ఉబ్బసమునకు ఉమ్మెత్త పొగ త్రాగించు మన దేశపు చికిత్సను ఆయన మెచ్చెను. జెంట్ అను సేనాని 1802లో ఆ సంగతిని ఇంగ్లండునకు కొనిపోయెను. అప్పటి వ్రాతలలో ఆ మొక్కకు డటూరా ఫెరాక్స్ అని పేరు పడినది. ఫెరాక్సునకు బలిసిన పొడుగు ముండ్లు కొలదిగా నుండును. మన వీథులలోని ఉమ్మెత్త అది కాదు. ఇంగ్లండు వైద్యులు తమకు సులభముగా దొరకు స్ట్రామోనియమునే వాడనారంభించిరి. ఆ విధముగా మద్రాసు చికిత్స వేఱొక జాతి మొక్కతో లోకమంత వ్యాపించి, ఉబ్బసపు చుట్టలరూపమున ఇరువదవ శతాబ్దములో చాలకాలము అంగళ్ళలో అమ్ముడుపోయినది. పేరు తప్పినను చికిత్స తప్పలేదు. ఏలయన ఈ జాతులన్నింటను ఉన్న మందు ఒక్కటే.

ఆ మందే విషము. హయోసీను, హయోసయమీను, అట్రోపీను అను క్షారములు మూడు జాతులలోను, రెండు రంగులలోను, ఆకు, పువ్వు, వేరు, విత్తనము అన్నిటను ఉండును. పాళ్ళు మాత్రము మొక్కనుబట్టి, నేలనుబట్టి, కాలమునుబట్టి మాఱును. అందుచే నిన్న తిన్నవాడు బ్రతికినాడన్న సాక్ష్యము నేటికి పనికిరాదు. నరముల సందేశమును కండరములకును గ్రంథులకును అందకుండ ఈ క్షారములు అడ్డుపడును. నోరు ఎండును, మ్రింగుడు పడదు, కనుపాపలు పెద్దవగును, ఒళ్ళు చెమటలేక కాలును, మూత్రము బిగియును. తుదకు మతి చలించి, లేనివారితో మాటలాడుచు గాలిలో దారములు ఏరుచుందురు. అమరకోశములో దీనికి ఉన్మత్తము, ధూర్తము అను పేర్లుండుట ఊరక కాదు. మాతుల మనియు నొక పేరున్నది. మేనమామ పేరు ఈ మొక్కకెట్లు వచ్చెనో పిల్లలు తప్పక అడుగుదురు. నాకును నవ్వు వచ్చును.

దారికాండ్రు బాటసారుల అన్నములో ఉమ్మెత్త గింజలు కలిపి దోచుకొన్న కేసులు పందొమ్మిదవ శతాబ్దములో ఎన్నియో నడచినవి. అందుచే న్యాయవైద్య గ్రంథములలో ఉమ్మెత్తగింజను మిరపగింజనుండి వేఱుచేయుట తప్పనిసరి పాఠమైనది. ఒక్క కుటుంబమువగుటచే రెండును చదునుగా, మూత్రపిండమువలె నుండును. మిరపగింజ పలుచన, పసుపుపచ్చ, నున్నన. ఉమ్మెత్తగింజ పెద్దది, మందమైనది, గోధుమవర్ణము గలది, తలమీద చిన్న గుంటలు గలది. నిలువునా కోసి భూతద్దముతో చూచినచో మిరపలోని మొలక కొన లోనికి ముడుచుకొని యుండును, ఉమ్మెత్తలో వెలుపలికి తిరిగియుండును. పిల్లలు ఆటలో కాయ పగులగొట్టి గింజలు నోట వేసికొన్నారని తెలిసినచో మజ్జిగ, చింతపండు అని కాలయాపన చేయక ఆసుపత్రికి పోవలెను. పోవునపుడు ఆ కాయను, లేక కొమ్మను కాగితములో చుట్టి వెంట తీసికొనిపోవలెను. రంగు చూచి ధైర్యము తెచ్చుకొనరాదు.

చివర ఒక వింత. డటూరా ప్రజాతిలో అడవిగా పెరుగు జాతులన్నియు అమెరికా ఖండమునకు, అందును మెక్సికో చుట్టుప్రక్కలకు చెందినవని ఇప్పటి వృక్షశాస్త్రజ్ఞుల మతము. మన ఉమ్మెత్తయు అచ్చటనే మనుష్యులు పెంచి మార్చిన మొక్క యని పలువురి యభిప్రాయము. అట్లైనచో కొలంబసు అమెరికా చేరిన 1492కు ఎన్నో శతాబ్దములకు ముందే మన సంస్కృత గ్రంథములలో ధత్తూరము ఎట్లు వచ్చినది? 1037లో మరణించిన ఇబ్న్ సీనా దీనిని ఎట్లెఱుగును? గీత, ఘరైబే అను పరిశోధకులు 2007లో ఈ సాక్ష్యములను కూర్చి, క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమునకే ఈ మొక్క మన ప్రపంచమునకు చేరియుండవలెనని వ్రాసిరి. ఎవరు తెచ్చిరో, ఏ యోడలో తెచ్చిరో తేలలేదు. రంగులు, పొరలు ఇన్ని విధములుగా నుండుటకును మనుష్యుని చేయియే కారణమై యుండవచ్చును. వింతగా నున్న పువ్వును దేవుని కొఱకో, మందు కొఱకో ఏరి విత్తనము దాచుకొనుట మనకు పాత యలవాటే.

విద్యార్థిగా నున్నప్పుడు నేను ఎండబెట్టి అట్టకు అంటించిన ఉమ్మెత్త కొమ్మ యొకటి ఇప్పటికిని నా యొద్ద కలదు. ఊదాపువ్వు వెలిసి గోధుమరంగైనది. కాయక్రింది గొడుగు మాత్రము చెక్కుచెదరలేదు. చీటిమీద అప్పటి నా వ్రాతలో డటూరా ఫాస్టువోసా అని యున్నది. తరువాత డటూరా మెటెల్ అని వ్రాసిన చిన్న చీటిని తేదీతో దాని ప్రక్కన అంటించితిని. కన్ను నులుముకొన్న ఆ బాలుడు మొన్న ఆ అట్టను చూచి, "పాత చీటీ తప్పు కదండీ, చింపెయ్యలేదేం?" అని యడిగెను. మొక్కల భాండాగారములలో పాత పేరును చింపరు, కొట్టివేయరు, ప్రక్కన కొత్త చీటిని మాత్రమే అంటింతురని చెప్పితిని. వాడు జేబులోనుండి చేతులు తీయకుండనే, వంగి, రెండు చీటీలను చదివి వెళ్ళెను.